యంత్రం పాతది – బరువు కొత్తది

పాఠ్యభాగ ఉద్దేశం

పాతబడిన కంప్యూటర్ నెమ్మదించడానికి గల కారణాలను వివరించడం, అటువంటి యంత్రంపై నేటి నిర్వాహక వ్యవస్థను నడిపే మార్గాలనూ, ఆ మార్గాలకున్న హద్దులనూ విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

'కొత్త ఒక వింత, పాత ఒక రోత' అన్న సామెత కంప్యూటర్‌కు వర్తించినంతగా మరే వస్తువుకూ వర్తించదేమో! తాతల నాటి ఇత్తడి బిందె నేటికీ అంతే నీరు పడుతుంది. ముప్పయ్యేళ్ల నాటి కుట్టుమిషను కాస్త నూనె వేస్తే నేటికీ అదే వేగంతో కుడుతుంది. కాని పదిహేనేళ్ల కిందట ఇంటిల్లిపాదీ ముచ్చటపడి కొనుక్కొన్న కంప్యూటర్ మాత్రం మీట నొక్కిన ఐదు నిమిషాలకు గాని పనికి సిద్ధం కాదు. 'దీని పని అయిపోయింది' అని ఇంట్లోవారు తీర్మానిస్తారు. ఆ యంత్రం అటక ఎక్కుతుంది, లేదా పాతసామాను కొనేవాని బండి ఎక్కుతుంది. కొత్తది కొనగలిగిన ఇంట ఇది చిన్న విషయమే. కొనలేని ఇంట చదువుకొనే పిల్లలకు ఉన్న ఒక్క ఆధారమూ పోతుంది. కనుక ఆ తీర్పు ఎంతవరకు సమంజసమో విచారించవలసి ఉంది.

ప్రాసెసర్ బండి చక్రంలా అరిగిపోయే వస్తువు కాదు. 2008లో రెండు గిగాహెర్ట్‌జ్‌ల వేగంతో పనిచేసిన ప్రాసెసర్, దుమ్ముపట్టి వేడెక్కకుండా చూసుకొంటే, నేటికీ అదే వేగంతో పనిచేస్తుంది. పెరిగినది దాని నెత్తిన పెట్టిన బరువు. యంత్ర భాగాలకూ, వినియోగదారుడు వాడే ప్రోగ్రాములకూ నడుమ నిలిచి పనులు పంచే ప్రధాన ప్రోగ్రామును నిర్వాహక వ్యవస్థ అంటారు. వాడుకలో దీనికి ఆపరేటింగ్ సిస్టమ్ అన్న పేరే స్థిరపడింది. 1995లో వెలువడిన విండోస్ 95కు కనీసం 4 మెగాబైట్ల ర్యామ్ ఉంటే చాలన్నారు. 2001లో ఎక్స్‌పీకి 64 మెగాబైట్లు, 2009లో విండోస్ 7కు 1 గిగాబైటు అవసరమయ్యాయి. 2021లో విండోస్ 11 కనీసం 4 గిగాబైట్లు కోరింది. ఇరవై ఆరేళ్లలో ఈ కోరిక వెయ్యి రెట్లకు పైగా పెరిగింది. ఇన్నేళ్లలోనూ ఉత్తరం టైపు చేసే మనిషి వేళ్ల వేగం మాత్రం పెరగలేదు.

ఈ ధోరణిని ముందుగానే గుర్తించి హెచ్చరించినవారిలో స్విట్జర్లాండ్‌కు చెందిన శాస్త్రవేత్త నిక్లాస్ విర్త్ ఒకరు. పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించిన ఆయన, యంత్రాల వేగం పెరిగేదానికన్నా త్వరగా ప్రోగ్రాములు మందగిస్తున్నాయని 1995లో ఒక వ్యాసంలో వాదించారు. ఈ పరిశీలన నేడు 'విర్త్ సూత్రం'గా ప్రసిద్ధమైంది. ఆయన మాటలతో సరిపెట్టుకోలేదు. జూరిచ్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయంలో సహచరుడు యుర్గ్ గుట్‌క్నెక్ట్‌తో కలిసి 'ఒబెరాన్' అనే చిన్న నిర్వాహక వ్యవస్థను నిర్మించి, పొదుపు సాధ్యమేనని చూపారు. లోకం మాత్రం ఆ దారి పట్టలేదు.

నెమ్మదితనం ఎక్కడ పుడుతుందో తెలియాలంటే యంత్రం లోపలికి తొంగిచూడాలి. ర్యామ్ చదువుకొనే బల్ల వంటిది. హార్డ్ డిస్క్ పుస్తకాల బీరువా వంటిది. బల్ల మీద పరిచిన పుస్తకం వెంటనే చేతికి అందుతుంది. బల్ల నిండిపోతే ఒక పుస్తకాన్ని బీరువాలో పెట్టి మరొకటి తెచ్చుకోవలసి వస్తుంది. పాత కంప్యూటర్ 2 గిగాబైట్ల చిన్న బల్లతో నేటి పెద్ద ప్రోగ్రాములను మోస్తుంది కనుక దాని కాలమంతా బల్లకూ బీరువాకూ మధ్య నడవడంతోనే సరిపోతుంది. పైగా ఆ బీరువా తిరిగే పళ్లెం. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్‌లో ఒక్కొక్క చుట్టుకు 8 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. కావలసిన సమాచారం చదివే మొన కిందికి రావడానికి సగటున 4 మిల్లీసెకన్లు, ఆ మొన సరైన వరుస వద్దకు జరగడానికి మరికొన్ని మిల్లీసెకన్లు గడుస్తాయి. చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కలను సెకనుకు వందకు మించి తీయడం దానికి కష్టం. కదిలే భాగమే లేని ఎస్‌ఎస్‌డి అదే సమయంలో వేలకొద్దీ ముక్కలను అందిస్తుంది. పాత యంత్రంపై ఖర్చు పెట్టదలచినవారు మొదట పెట్టవలసింది ఇక్కడే. తరువాతి స్థానం ర్యామ్‌ది. ప్రాసెసర్‌ను మార్చాలనే ఆలోచన చాలా సందర్భాల్లో వృథా ప్రయాస.

అయితే పాత యంత్రంలో పాత వ్యవస్థనే ఉంచుకోవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. ఇంటర్నెట్‌తో సంబంధం లేని యంత్రానికి అది తగిన మార్గమే. తెలుగునాట అనేక డీటీపీ కేంద్రాలు ఏళ్ల తరబడి ఈ దారినే నడిచాయి. 2001లో చివరి ప్రధాన రూపం వెలువడిన పేజ్‌మేకర్, యూనికోడ్‌కు చెందని అను ఖతులు – ఈ రెండింటితో కూర్చిన పెళ్లి శుభలేఖలూ, కరపత్రాలూ, పుస్తకాల పుటలూ ఆ యంత్రాలలో భద్రంగా ఉన్నాయి. వాటిని అక్కడి నుంచి కదిలించడం అంత తేలిక కాదు. కాని ఇంటర్నెట్‌తో కలిసిన యంత్రం సంగతి వేరు. నిర్వాహక వ్యవస్థలో కొత్త లోపాలు బయటపడుతూనే ఉంటాయి. తయారీదారు వాటిని సరిచేయడం మానివేసిన నాటి నుంచి ఆ ఇంటికి తాళం లేనట్లే. ఎక్స్‌పీకి ఈ సేవ 2014 ఏప్రిల్‌లో ఆగిపోయింది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అదనపు కాలానికి నమోదు చేసుకొన్నవారికి మాత్రం మరికొంత గడువు లభించింది.

విండోస్ 11కు మారుదామంటే, అది ర్యామ్‌తోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటునూ, తయారీదారు జాబితాలో ఉన్న ప్రాసెసర్‌నూ కోరుతుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో ఆ జాబితా చాలావరకు 2017లో వచ్చిన ఎనిమిదో తరంతో మొదలవుతుంది. కనుక 2015లో కొన్న యంత్రం ఎంత చురుకుగా ఉన్నా దానికి అధికారికంగా ప్రవేశం లేదు. పక్కదారిన ఎక్కించే ఉపాయాలు లేకపోలేదు గాని, వాటికి తయారీదారు పూచీ ఉండదు.

ఈ పరిస్థితిలో ఎక్కువమందికి అందుబాటులో ఉన్న మార్గం లినక్స్. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన సొంత 386 కంప్యూటర్‌పై దీనికి శ్రీకారం చుట్టారు. దీని మూల రచన అందరికీ తెరచి ఉంటుంది కనుక ఎవరి అవసరానికి తగినట్లు వారు దీన్ని మలచుకొన్నారు. తెరపై కిటికీలనూ, పట్టికలనూ చూపే భాగాన్ని డెస్క్‌టాప్ అంటారు. బరువంతా ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. లినక్స్‌లో ఈ భాగాన్ని విడదీసి వేరొకటి అమర్చుకోవచ్చు. 1996లో ఫ్రాన్స్‌కు చెందిన ఒలివియే ఫూర్దాన్ ప్రారంభించిన ఎక్స్‌ఎఫ్‌సీఈ, తరువాత వచ్చిన ఎల్ఎక్స్‌క్యూటీ తేలికైన డెస్క్‌టాప్‌లుగా పేరుపొందాయి. 2003లో ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ కౌలర్ రూపొందించిన పప్పీ లినక్స్ మొత్తంగా ర్యామ్‌లోనే కుదురుకోగలదు. వ్యవస్థ నిలదొక్కుకోవడానికి అర గిగాబైటు చుట్టుపక్కల ర్యామ్ సరిపోతే, తక్కిన బల్లంతా పనికి మిగులుతుంది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఇటువంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌నే ఏళ్లుగా వాడుతున్నాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే 'స్వేచ్ఛ' సంస్థ లినక్స్ తెరపై కనిపించే పదాలను తెలుగులోకి తెచ్చేందుకు కృషిచేసింది.

దీన్ని అమర్చే విధానం కష్టమైనది కాదు గాని, ఓపిక అవసరం. మొదట సొంత ఫోటోలనూ, పత్రాలనూ వేరొకచోట భద్రపరచాలి. ఈ మెట్టు దాటవేసినవారికి పోయిన సమాచారం తిరిగి రావడం అరుదు. ప్రాసెసర్ 32 బిట్ రకమో, 64 బిట్ రకమో తెలుసుకోవాలి. 2006లో వచ్చిన కోర్ 2 డ్యుయో 64 బిట్ రకమే. అటుపైన లినక్స్ ప్రతిని మరో కంప్యూటర్‌లో దింపుకొని పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించాలి. హార్డ్ డిస్క్‌ను తాకకుండా పెన్ డ్రైవ్ నుంచే వ్యవస్థను నడిపి చూసే సౌకర్యం అనేక లినక్స్ ప్రతుల్లో ఉంది. శబ్దం వినిపిస్తున్నదా, వైఫై అందుతున్నదా, తెలుగు అక్షరాలు ఒత్తులతో సహా సరిగా కనిపిస్తున్నాయా అన్నవి అప్పుడే పరీక్షించుకొని, తృప్తి కలిగితేనే డిస్క్‌లో స్థాపించుకోవాలి.

ఇక్కడ ఒక చిన్న చిక్కు చాలామందిని తికమక పెడుతుంది. అంతా సవ్యంగా ఉన్నా వెబ్‌సైట్లు తెరుచుకోవు; 'భద్రత లేదు' అన్న హెచ్చరికలు వస్తాయి. కారణం మదర్‌బోర్డు మీద ఉండే నాణెమంత బ్యాటరీ! అది అడుగంటితే మీట ఆపిన ప్రతిసారీ గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి వెళుతుంది. వెబ్‌సైట్లు చూపే భద్రతా పత్రాలకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అన్న గడువు ఉంటుంది. గడియారం తప్పితే ఆ పత్రాలన్నీ చెల్లనివిగా తోస్తాయి. బ్యాటరీ మార్చి తేదీ సరిచేస్తే చిక్కు తొలగిపోతుంది. ఇంత చిన్న లోపానికి పాతసామాను బండి ఎక్కిన యంత్రాలు ఎన్నో!

తేలికైన వ్యవస్థ ఉన్నంతమాత్రాన పాత యంత్రం కొత్తదైపోదు. నేడు అన్నింటికన్నా బరువైనది నిర్వాహక వ్యవస్థ కాదు, వెబ్ బ్రౌజర్. ఒక్కొక్క పుట వెంట వచ్చే బొమ్మలూ, ప్రకటనలూ, ప్రోగ్రాములూ వందల మెగాబైట్లను ఆక్రమిస్తాయి. 2 గిగాబైట్ల యంత్రంలో నాలుగైదు పుటలు తెరిస్తే మళ్లీ బీరువా నడక మొదలవుతుంది. నేటి వీడియోలను కుదించే కొత్త పద్ధతులను విప్పే ప్రత్యేక భాగం పాత యంత్రాల్లో ఉండదు. ఆ భారమంతా ప్రాసెసర్‌పైనే పడుతుంది కనుక వీడియోను తక్కువ స్పష్టతలో చూడక తప్పదు. కొంతవరకు ఆదుకొనేది జెడ్‌రామ్ అనే ఏర్పాటు. బల్ల మీది కాగితాలను బీరువాకు పంపకుండా అక్కడే మడిచి పెట్టినట్లు, ఇది ర్యామ్‌లోని సమాచారాన్ని ర్యామ్‌లోనే కుదించి ఉంచుతుంది.

ఉచిత వ్యవస్థలకూ పాతవాటిని విడిచిపెట్టే రోజు వస్తుంది. టోర్వాల్డ్స్ ఏ 386 యంత్రంపై లినక్స్‌ను మొదలుపెట్టారో, ఆ రకం ప్రాసెసర్‌కు ఉన్న మద్దతును 2012 డిసెంబర్‌లో లినక్స్ నుంచి ఆయన సమ్మతితోనే తొలగించారు. ఎవరూ వాడని యంత్రం కోసం అందరి శ్రమా పెరుగుతుండడమే అందుకు కారణం. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13 కూడా 32 బిట్ కంప్యూటర్లలో స్థాపించుకొనే ప్రతిని ఇవ్వడం మానివేసింది. అంటే పెంటియం 4 తరంలోని అనేక యంత్రాలకు దారి సన్నబడింది. కోర్ 2 డ్యుయోకు ఇంకా విశాలంగానే ఉంది. పైగా పెంటియం 4లో కొన్ని రకాల ప్రాసెసర్లకే వంద వాట్లకు పైగా విద్యుత్తు కావాలి. రోజంతా నడిపితే కరెంటు బిల్లే ఆ యంత్రం భవితవ్యాన్ని తేలుస్తుంది.

ఐక్యరాజ్యసమితి సంస్థలు వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడ్డాయి. అందులో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధిచేసినట్లు నమోదైనది 22.3 శాతమే. భారతదేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త నిబంధనలు ఈ వ్యర్థాలను నమోదైన శుద్ధి కేంద్రాలకు చేర్చే బాధ్యతను తయారీదారులపై ఉంచాయి. నిజంగానే కాలం తీరిన యంత్రాన్ని అటు పంపేముందు అందులోని డిస్క్‌ను పూర్తిగా తుడిచివేయాలి. బాగున్న ర్యామ్‌నూ, కొత్తగా వేసిన ఎస్‌ఎస్‌డినీ విప్పి పక్కన పెట్టుకొంటే, అవి సరిపోయే మరో పాత యంత్రంలో అమరుతాయి.

ప్రశ్నలు

వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. పాత కంప్యూటర్ నెమ్మదించడానికి గల కారణాలను పాఠం ఆధారంగా వివరించండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. పాత నిర్వాహక వ్యవస్థనే కొనసాగించడం ఎప్పుడు తగును? ఎప్పుడు తగదు?
2. మదర్‌బోర్డు మీది బ్యాటరీకీ వెబ్‌సైట్లు తెరుచుకోకపోవడానికీ గల సంబంధమేమి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ర్యామ్‌ను పాఠంలో దేనితో పోల్చారు?
2. 'ఒబెరాన్' నిర్మాతలు ఎవరు?