ఇంటర్‌సెప్టర్లు: అభ్యర్థనకును ప్రత్యుత్తరమునకును నడుమ

ఆస్ట్రేలియా దేశమున బ్రిస్బేను నగరమందలి క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయమునఁ గార్యస్థానము నేర్పఱచుకొన్న డి.ఎస్.టి.సి. అను పరిశోధన కేంద్రము, వేర్వేఱు యంత్రములలోని ప్రోగ్రాములు పరస్పరము పిలుచుకొనుటకైన కోర్బా అను ప్రమాణపు చరిత్రలో స్మరణీయమైనది. స్టీవ్ వినోస్కీతోఁ గూడి 1999లో ఆ విషయమునఁ బ్రామాణిక గ్రంథమును వెలువరించిన మిచి హెన్నింగ్ అచ్చటఁ బనిచేసినవాఁడే.

1989లో స్థాపితమైన ఓ.ఎం.జి. అను ప్రమాణ సంస్థ రూపొందించిన ఈ కోర్బాయందు, క్లయింటు పంపు అభ్యర్థన సర్వరును జేరుటకు మున్నును, దాని ప్రత్యుత్తరము మరలివచ్చునపుడును, నడిత్రోవ నిలిచి పరిశీలించు కోడునకు ఇంటర్‌సెప్టరని పేరు. దీనిని సుంకపు ఠాణాతోఁ బోల్చుట కద్దు; పోలిక కొంతవఱకే చెల్లును. ఏలయన, ఇది మూటపై ముద్ర వేయఁగలదు, అనఁగా సర్వీస్ కాంటెక్స్టు రూపమున భద్రతా వివరములనో లావాదేవీ గుర్తునో జతపఱుపఁగలదు, ఎక్సెప్షనుతో నడ్డగింపఁగలదు, వేఱొక ఆబ్జెక్టునకు దారి మళ్ళింపఁగలదు, కాని మూటలోని సరకును, అనఁగా ఆర్గ్యుమెంట్లను, మార్చఁజాలదు.

క్లయింటు పక్షమున నైదు, సర్వరు పక్షమున నైదు, ఇంటర్‌సెప్టరు పిలువఁబడు స్థానములు కలవు. ఇంటర్‌సెప్టర్లను, అభ్యర్థనలను జేరవేయు ఓ.ఆర్.బి. యొక్క ఆరంభ సమయముననే నమోదు చేయవలెను. పెక్కు ఉన్నచో, పోవునపుడు పిలువఁబడిన క్రమమునకు వచ్చునపుడు విలోమమగును; ఆరంభ స్థానము నిర్విఘ్నముగా ముగించినవానికే ముగింపు పిలుపు దక్కును.