కాగితం ఒప్పుకున్న ముత్తాత

వంశచరిత్ర వెతకబోయేవాళ్లు చాలామంది తప్పుడు కొస నుంచి మొదలుపెడతారు. న్యూయార్క్ పక్కనున్న యాంకర్స్‌లో పుట్టిన ఒకాయన ఉన్నాడనుకుందాం. వాళ్ల పెద్దలు ఇంగ్లండు నుంచి వచ్చిన తివాచీ నేతగాళ్లని నాయనమ్మ చెప్పింది. ఇంగ్లండులో తివాచీలంటే కిడ్డర్‌మినిస్టర్. ఇంకేం, ఆ రాత్రే ఆ ఊరి చర్చి రిజిస్టర్లు తెరుస్తాడు. తన ఇంటిపేరే ఉన్న నేతగాడొకడు దొరుకుతాడు. పేరు కలిసింది, వృత్తి కలిసింది, ఊరు కలిసింది. వారం తిరిగేసరికి వంశవృక్షం 1700ల దాకా పాకిపోతుంది. అందులో ఈయనకు సంబంధించిన మనిషి ఒక్కడూ ఉండకపోవచ్చు.

ఈ పొరపాటు ఎక్కువగా తెలివైనవాళ్లే చేస్తారు. జవాబు ముందే తెలిసిపోయిందనుకోవడం వాళ్ల జబ్బు. ఉద్యోగంలో, డబ్బు వ్యవహారాల్లో, పెళ్లి సంబంధాల్లో కూడా మన వరస ఇదే: ముందు తీర్పు, ఆ తర్వాత దానికి సరిపడే సాక్ష్యం. ఈ అలవాటు మానుకోవాలంటే ఏదో ఒక మామూలు కుటుంబం చరిత్రను పట్టుకుని ఓపిగ్గా తవ్వి చూడమంటాను. సాధన కోసమైతే అమెరికా వెళ్లిన ఇంగ్లిషు తివాచీ నేతగాళ్లకు మించినవాళ్లు లేరు. వాళ్ల గురించి కాగితాలు దండిగా ఉన్నాయి. కాలు జారే చోట్లూ దండిగానే ఉన్నాయి.

మొదటి పని: మీకు బాగా తెలిసిన మనిషి చావు నుంచి వెనక్కి నడవండి. మసాచుసెట్స్ లాంటి రాష్ట్రాల్లో 1841 నుంచే జనన మరణాల లెక్క రాష్ట్రం మొత్తానికీ ఉంది. మరణ పత్రంలో తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు దొరికే అవకాశం ఎక్కువ. తర్వాత జనాభా లెక్కలు. పేర్లున్న పత్రాలను అమెరికా ప్రభుత్వం 72 ఏళ్లు మూసి ఉంచుతుంది. అందుకే 1950 నాటివి 2022 ఏప్రిల్‌లో బయటికొచ్చాయి. అక్కడి నుంచి పదేళ్లకొక మెట్టు చొప్పున దిగండి. 1900 మెట్టు దగ్గర కాసేపు ఆగాలి. పుట్టిన నెల, సంవత్సరం, దేశంలోకి వచ్చిన సంవత్సరం, పౌరసత్వం తీసుకున్నాడా లేదా అన్నవన్నీ ఆ ఏడాది అడిగారు.

ఇక్కడే తొలి చిరాకు. ఒకే మనిషి 1900లో తాను వచ్చింది 1871లో అంటాడు, 1910లో 1869 అంటాడు, 1920లో ఇంకేదో అంటాడు. అబద్ధాలకోరని కోప్పడకండి. జవాబు చెప్పింది ఆయనేనా? వీధిలోకి వచ్చిన గుమాస్తాకు తలుపు తీసింది కోడలో, అద్దెకున్న కుర్రాడో కావచ్చు. ఎవరు చెప్పారో గుర్తు పెట్టమన్నది 1940 లెక్కల్లోనే, ఆ పేరు పక్కన సున్నా చుట్టిన ఇంటూ గుర్తు ఉంటుంది. ఏ మాట విన్నా ఇది చెప్పినవాడెవడు, వాడికెలా తెలుసు అని అడిగే బుద్ధి ఇలాంటి పత్రాలు చదివితే వస్తుంది. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో అది రోజూ పనికొస్తుంది.

1900 నుంచి 1880కి దిగబోతే మధ్యలో మెట్టు లేదు. 1921 జనవరిలో వాషింగ్టన్‌లో వాణిజ్య శాఖ భవనంలో నిప్పంటుకుని 1890 నాటి పత్రాలు చాలావరకు పాడైపోయాయి. ఇరవై ఏళ్ల ఖాళీ. సగం మంది ఇక్కడే మానేస్తారు, మిగతావాళ్లు ఊహతో పూడ్చేస్తారు. నేతగాడు పడుగు పోగు తెగితే బట్ట పారేయడు, అలాగని తెగిన పోగుతోనే నేసుకుంటూ పోడు. ఆగి ముడి వేస్తాడు. ఇక్కడ ముడి వేయడానికి ఊరి డైరెక్టరీలున్నాయి. అవి చాలా ఊళ్లలో ఏటేటా అచ్చయ్యేవి: పేరు, పని, ఇంటి చిరునామా. ఫలానా ఊరికి వెళ్లిపోయాడనీ, ఫలానావాడి విధవ అనీ కూడా కొన్నిట్లో రాసేవారు. న్యూయార్క్ రాష్ట్రమైతే 1892లో సొంతంగా జనాభా లెక్కలు తీసింది.

నాకు అన్నిటికన్నా నచ్చేది తర్వాతి అడుగు. మీ మనిషిని వదిలేసి, పక్కింటివాళ్ల గురించి చదవండి. నేతగాళ్లు ఒంటరిగా సముద్రం దాటలేదు. మాథ్యూ జె. విట్టాల్ అనే ఆయన 1843లో కిడ్డర్‌మినిస్టర్‌లో పుట్టాడు. 1871లో మసాచుసెట్స్‌లోని వుస్టర్ ఊరికి, క్రాంప్టన్ తివాచీ కంపెనీలో సూపరింటెండెంట్‌గా వచ్చాడు. 1880లో ఇంగ్లండు మగ్గాలతో సొంత మిల్లు మొదలుపెట్టాడు. ఆయన వెనకే ఊరివాళ్లూ వచ్చారు. మిల్లు చుట్టూ దక్షిణ వుస్టర్‌లో ఇంగ్లిషు బస్తీ వెలిసింది, వాళ్లకోసం సెయింట్ మాథ్యూస్ చర్చి లేచింది. అలాంటి వీధిలో మీ ముత్తాత ఇంటి పత్రం ఒక్కటే చదివి పక్కన పెడితే సగం సమాచారం పారేసినట్టే. ఆయన ఇంట్లో అద్దెకున్న కుర్రాడు ఎవరు? పౌరసత్వ పత్రం మీద సాక్షి సంతకం ఎవరిది? బిడ్డ బాప్తిస్మంలో పక్కన నిలబడ్డ దంపతులెవరు? మీ ముత్తాత పుట్టిన చోటు ఒట్టి 'ఇంగ్లండ్' అని ఉన్నా, ఆ సాక్షికి సంబంధించిన కాగితంలో ఊరి పేరుతో సహా ఉండొచ్చు.

వుస్టర్‌లో ఇంకో గమ్మత్తుంది. కిడ్డర్‌మినిస్టర్ ఉన్న కౌంటీ పేరు వుస్టర్‌షైర్. దాని ముఖ్య పట్టణం కూడా వుస్టరే. పుట్టిన చోటు 'వుస్టర్' అని కనిపించగానే అమెరికా వుస్టర్ అనుకుని రాసుకుంటే, ముత్తాతను సముద్రం దాటించకుండానే పుట్టించినట్టవుతుంది.

మిల్లు ఏదో తెలిస్తే దారి సగం తెలిసినట్టే. న్యూయార్క్ రాష్ట్రంలో ఆమ్‌స్టర్‌డామ్ ఊళ్లో షటిల్‌వర్త్ సోదరులు 1878లో ఇంగ్లండు నుంచి 14 పాత మగ్గాలు తెప్పించి పని మొదలుపెట్టారు. 1920లో ఏర్పడ్డ మోహాక్ తివాచీ మిల్లుల మూలాల్లో అదొకటి. కనెక్టికట్‌లో థాంప్సన్‌విల్ సంగతి వేరు. అక్కడ ఆరిన్ థాంప్సన్ 1828 ప్రాంతంలో మిల్లు పెట్టి స్కాట్లండులోని కిల్మార్నాక్ నుంచి నేతగాళ్లను రప్పించాడు. మీ వాళ్లు ఆ ఊళ్లో తేలితే ఇంగ్లండు రిజిస్టర్లు మూసేసి స్కాట్లండు వైపు చూడాల్సి రావచ్చు. 'మేం ఇంగ్లిషువాళ్లం' అని మూడు తరాలుగా చెప్పుకున్న ఇంట్లో ఈ మాట అనడానికి కొంచెం ధైర్యం కావాలి.

ఇంటి కథల్ని కాగితం ముందు నిలబెట్టడం కూడా నేర్చుకోవాల్సిందే. న్యూయార్క్ రేవులో వలసవాళ్లు దిగే ఎల్లిస్ ఐలాండ్ కేంద్రం గుమాస్తా మా ఇంటిపేరు మార్చేశాడని చెప్పుకోని అమెరికన్ కుటుంబం అరుదు. ఎల్లిస్ ఐలాండ్ తెరిచింది 1892 జనవరి 1న. 1871లో న్యూయార్క్‌లో దిగినవాడు అంతకుముందున్న వలస కేంద్రం క్యాజిల్ గార్డెన్‌లో దిగాడు. పైగా ఎల్లిస్ ఐలాండ్ గుమాస్తాలు ఓడవాళ్లు రాసి తెచ్చిన జాబితాలో పేర్లు సరిచూసేవారు, కొత్త పేర్లు పెట్టేవారు కారు. ఇంటిపేరు మారడం నిజమే కావచ్చు, మార్చింది మీ ముత్తాతే కావచ్చు, ఎందుకు మార్చుకున్నాడన్నది అసలు ప్రశ్న. అలాగని ఇంటి కథను చెత్తబుట్టలో వేయకండి. ఏదో ఒక మూల నిజం ఉండే ఉంటుంది. అది ఎక్కడుందో తెలిసేదాకా పెన్సిల్‌తో రాసుకోండి.

ఇక సముద్రం దాటే ముందు జేబులో మూడు ఉండాలి: సుమారు వయసు, తండ్రి పేరు, ఊరి పేరు. ఇవి లేకుండా ఇంగ్లండులో దిగితే ఒకే పేరున్న డజను మంది ఎదురొస్తారు. ఇంగ్లండులో జనన మరణాల నమోదు 1837 జులై 1న మొదలైంది. ఆ సూచికలు ఫ్రీబీఎండీ వెబ్‌సైటులో ఉచితంగా చూడొచ్చు. ప్రభుత్వ రిజిస్టర్ కార్యాలయం సూచికలో తల్లి పుట్టింటి పేరు కూడా దొరుకుతుంది. 1851 నుంచి జనాభా లెక్కల్లో ఎవరు ఏ ఊళ్లో పుట్టారో ఉంది.

అభ్యర్థులు అయిదుగురు తేలారనుకోండి. నచ్చినవాణ్ని ఎంచుకోవద్దు, ఒక్కొక్కణ్నీ కొట్టేస్తూ రండి. ఒకడు పసితనంలోనే పోయాడని ఖననం రిజిస్టర్ చెబుతుంది. ఇంకొకడు 1881లో కూడా కిడ్డర్‌మినిస్టర్‌లోనే భార్యాబిడ్డలతో కాపురం చేస్తున్నాడు. మనవాడు ఆ పాటికి అమెరికాలో ఉండాలి కదా. ఒకటి మాత్రం చూసుకోవాలి, వెళ్లి తిరిగొచ్చేసినవాళ్లూ ఉన్నారు. చివరికి మిగిలినవాడి మీద కూడా గట్టిగా దాడి చేయండి: 'వీడు మా వాడు కాదు' అని రుజువు చేయడానికి ప్రయత్నించండి. తట్టుకుని నిలబడితే అప్పుడు పేరు రాసుకోండి. మన సొంత అభిప్రాయం మీద మనమే వకీలును పెట్టుకునే ఈ పద్ధతి ఏ కోర్సులోనూ ఇంత చవకగా దొరకదు. ఇంటర్నెట్‌లో రెడీమేడ్‌గా దొరికే వంశవృక్షాలు ఈ పరీక్షకు ఎక్కువసేపు నిలవవు. అవి ఒకరి తప్పును నలభై మంది కాపీ కొట్టినవి కావచ్చు. నలభై సాక్ష్యాలుగా లెక్కపెట్టకండి.

వాళ్లు ఎందుకు వెళ్లారన్నది తెలిస్తేనే ఎప్పుడు వెళ్లారన్నది తేలుతుంది. 1828లో కిడ్డర్‌మినిస్టర్ యజమానులు గజానికి షిల్లింగు ఉన్న కూలిని పది పెన్నీలకు దించారు. నెలల తరబడి సమ్మె జరిగింది. నేతగాళ్ల పక్షాన రాసిన హంఫ్రీ ప్రైస్ అనే చర్చి గురువు జైలుకెళ్లాడు. ఇరవై ఏళ్ల తర్వాత అంతకన్నా పెద్ద దెబ్బ తగిలింది. మసాచుసెట్స్‌లో 1814లో పుట్టిన ఎరాస్టస్ బిగెలో తివాచీలకు మరమగ్గం కనిపెట్టాడు. చేతిమగ్గం మీద రోజుకు 8 గజాలు నేసే రకాన్ని ఆ మగ్గం మెరుగులు దిద్దుకున్నాక 25 గజాల దాకా నేసింది. 1851 లండన్ మహాప్రదర్శనలో ఆ మగ్గం మీద నేసిన తివాచీలు చూపించారు. హాలిఫాక్స్‌కు చెందిన తివాచీ మిల్లు యజమానులు క్రాస్లీలు బిగెలో పేటెంటు హక్కులు కొన్నారు, మరమగ్గాలు కిడ్డర్‌మినిస్టర్‌కూ వచ్చాయి. 1850లలో ఆ ఊరి జనాభా తగ్గిపోయింది. అమెరికావాడి మగ్గం పొట్ట కొడితే, కొందరు నేతగాళ్లు పొట్ట చేతబట్టుకుని ఆ అమెరికాకే ఓడెక్కారు. మీ వాడు 1850లలో బయల్దేరాడని తేలితే, ఆయన వెంట ఉన్నది సాహసమా ఆకలా అని ఆలోచించి చూడండి.

సమ్మెలంటే కుటుంబాలకు కష్టకాలం, వెతికేవాళ్లకు పంటకాలం: పేర్లు కోర్టు కాగితాల్లోకి ఎక్కుతాయి. థాంప్సన్‌విల్ నేతగాళ్లు 1833లో సమ్మె చేస్తే కంపెనీ నాయకుల మీద దావా వేసింది. 1836లో జ్యూరీ నేతగాళ్ల పక్షం నిలిచింది. 1885లో యాంకర్స్‌లో అలెగ్జాండర్ స్మిత్ మిల్లులో సమ్మె జరిగినప్పుడు ముందు నిలబడ్డది ఆడవాళ్లే. మిల్లు ముందు వీధిలో నడిచారని ముగ్గురిని అరెస్టు చేశారు. కిడ్డర్‌మినిస్టర్‌లోనేమో మంచి మగ్గాలు మగవాళ్లవేనని నేతగాళ్ల సంఘం పట్టుబట్టేది. కాబట్టి ముత్తాత వృత్తి రాసుకుని ముత్తవ్వ గడిని ఖాళీగా వదిలేయకండి. అమెరికాలో ఆ ఇంట్లో మగ్గం ఆవిడదే కావచ్చు. వెతుకుతూ వెతుకుతూ మీ వాడు సమ్మెను విరగ్గొట్టడానికి పనిలో చేరినవాడని తేలితే? రాయండి. దాచితే ఇంతసేపూ చేసిన సాధన దండగ.

ఇదంతా చదివి మన ఇంటి సంగతి ఏమిటని అడుగుతారు. తెలంగాణ నుంచి షోలాపూర్, భివండి, సూరత్ వెళ్లిన పద్మశాలీ కుటుంబాల కథ ఈ కథకు చుట్టమే. మనకు ఇంటింటి జనాభా పత్రాలు చూసే వీల్లేదు. పద్మశాలీలకు కథ చెప్పే కూనపులివారు పటం విప్పి మార్కండేయ పురాణం చెప్పేది కులం మూలకథ, ఒక్కో ఇంటి లెక్క కాదు. భూమి పత్రాలు, బడి రిజిస్టర్లు, పెళ్లి శుభలేఖలు, బతికున్న పెద్దలే మన వనరులు. ముందు పెద్దల దగ్గరికి వెళ్లండి, పత్రాలు కొంతకాలం ఆగుతాయి.

అంతా పూర్తయ్యేదాకా రాయనని కూర్చుంటే ఎప్పటికీ రాయరు. దొరికినంతవరకు రెండు పేజీలు రాయండి. ప్రతి వాక్యం పక్కన అది ఏ కాగితంలో ఉందో వేయండి. అనుమానంగా ఉన్నచోట అనుమానమనే రాయండి. బంధువులందరికీ పంపండి. ఒహాయోలోనో ఫిలడెల్ఫియాలోనో ఉన్న పెద్దమ్మ ఒకావిడ ఫోన్ చేసి, మూడో పేరా శుద్ధ తప్పని తిడుతుంది. వాదించకండి. ఆవిడ దగ్గర ట్రంకుపెట్టె ఉందేమో అడగండి.