బొగ్గుగనుల చెంత బావినీరు – పరీక్షించుకునే పద్ధతి

సుశ్రుతాచార్యులు నీటి దోషాలను ఆరు విధాలుగా చెప్పారు. అవి స్పర్శ, రూప, రస, గంధ, వీర్య, విపాక దోషాలు. మొదటి నాలుగూ ఇంద్రియాలకు తెలుస్తాయి. చివరి రెండూ తాగిన తరువాత శరీరంలోనే బయటపడతాయి. గోదావరి లోయలోని బొగ్గుగనుల ప్రాంతం నుండి నా వద్దకు వచ్చేవారు తరచు అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: “వైద్యులవారూ, మేము నీళ్లు కాచి చల్లార్చే తాగుతున్నాము గదా, ఇంకా భయమెందుకు?” దానికి సమాధానమే ఈ పాఠం.

గని నీటిని మార్చే తీరు

ఇల్లెందు వద్ద 1889లో తవ్వకం ఆరంభమైనది మొదలు కొత్తగూడెం, మణుగూరు, రామగుండం, మంచిర్యాల, భూపాలపల్లి ప్రాంతాలకు గనులు విస్తరించాయి. ఇక్కడ బొగ్గు ఇసుకరాతి పొరల మధ్య ఉంటుంది. భూగర్భజలానికీ ఆ పొరలే ఆధారం. గనిలో ఊరే నీటిని తోడిపోయడం వల్ల చుట్టుపక్కల బావులలో మట్టం తగ్గవచ్చును. తవ్విపోసిన మట్టిగుట్టలపై కురిసిన వాన, లవణాలను కరిగించుకొని భూమిలోనికి, వాగులలోనికి చేరుతుంది. పేలుడు మందుల నుండి నైట్రేటు కలియవచ్చును.

బొగ్గులోని గంధకపు ఖనిజానికి గాలి, నీరు తగిలితే ఆమ్లం పుడుతుంది. మేఘాలయలోని జయంతియా కొండలలో వాగులు ఆమ్లమయం కావడానికి ఇదే కారణం. మన బొగ్గులో గంధకం సాధారణంగా తక్కువ. కనుక ఇక్కడ ఆమ్లం కన్న సల్ఫేటు, కాఠిన్యం, కరిగిన లవణాల పెరుగుదలను ఎక్కువగా గమనించాలి.

కాచినంత మాత్రాన చాలునా?

కాచడం వల్ల క్రిములు నశిస్తాయి. ఆ అలవాటు మానరాదు. కాఠిన్యంలో కొంతభాగం పాత్ర అడుగున తెల్లని పొరగా దిగుతుంది. కాని సల్ఫేటు, ఫ్లోరైడు, నైట్రేటు పోవు. నీరు ఆవిరైనకొద్దీ అవి మరింత చిక్కబడతాయి. చిల్లగింజ అరగదీసి కలిపితే మడ్డి దిగుతుంది, కరిగిన లవణం దిగదు. నైట్రేటు అధికమైన నీటితో పాలపొడి కలిపి ఆరు నెలల లోపు శిశువులకు పట్టడం ప్రమాదకరం. శిశువు రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి తగ్గి, దేహం నీలి రంగుకు తిరుగుతుంది.

ఇంట తెలిసే సూచనలు

కందిపప్పు ఉడకకపోవడం, సబ్బు నురగ రాకపోవడం కాఠిన్యానికి గుర్తులు. కరక్కాయ కషాయం ఆ నీటితో నల్లబారితే ఇనుము ఉన్నదని అనుమానించాలి. కొత్తగా ఆ నీరు తాగినవారికి విరేచనాలైతే సల్ఫేటు కారణం కావచ్చును. ఫ్లోరైడు, నైట్రేటు మాత్రం నాలుకకు తెలియవు. వాటిని ప్రయోగశాలే చెప్పాలి.

పరీక్షించే క్రమం

ఏడాదికి నాలుగు మారులు, అనగా మే, ఆగస్టు, నవంబరు, జనవరి నెలలలో, అదే బావి నీటిని పరీక్షించాలి. బోరుబావి అయితే మోటారు ఐదుపది నిమిషాలు నడిచాక పట్టాలి. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను ఆ నీటితోనే మూడుమార్లు తొలిచి, నిండుగా నింపి, చోటు, తేదీ వ్రాసి, త్వరగా ప్రయోగశాలకు చేర్చాలి. క్రిముల పరీక్షకు ప్రయోగశాలవారు ఇచ్చే ప్రత్యేక సీసానే వాడాలి. వాగు అయితే గని నీరు కలియక ముందు ఒకచోట, కలిసిన తరువాత ఒకచోట పట్టాలి. ఆ రెంటి తేడాయే గని ప్రభావాన్ని చెబుతుంది.

భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు కోరదగిన హద్దులివి: కరిగిన లవణాలు 500 మి.గ్రా., కాఠిన్యం 200, సల్ఫేటు 200, నైట్రేటు 45, ఫ్లోరైడు 1 మి.గ్రా. పి.హెచ్. 6.5–8.5 మధ్య ఉండాలి. వేరే నీరు దొరకని చోట ఫ్లోరైడును 1.5 వరకు అనుమతించారు. నైట్రేటుకు ఆ సడలింపు లేదు.

ఒక్క పరీక్షతో తీర్పు చెప్పరాదు. తెలంగాణలో పలుచోట్ల ఫ్లోరైడు రాతి నుండే వస్తుంది, గనితో నిమిత్తం లేదు. ఫలితాలను ఒక నోటు పుస్తకంలో వరుసగా వ్రాసుకుంటే ఏది నేల గుణమో, ఏది కొత్తగా వచ్చిన మార్పో తేటపడుతుంది. పర్యావరణ అనుమతి పొందిన గనులు ఆరు నెలలకొకసారి నివేదిక ఇవ్వాలనీ, అది ప్రజలకు అందుబాటులో ఉండాలనీ 2006 నాటి ప్రకటన నిర్దేశించింది. గ్రామస్థులు పంచాయతీ ద్వారా దానిని కోరి, తమ పుస్తకంతో సరిచూసుకోవచ్చును.

హద్దు దాటిన నీటిని తాగడానికి, వంటకు మానండి. స్నానానికి, బట్టలకు వాడుకొని, తాగడానికి పరీక్షలో నిలిచిన వేరే నీటిని తెచ్చుకోండి. నిదాన పరివర్జనమే, అనగా కారణాన్ని తొలగించడమే, తొలి చికిత్స అని మా గురువులు నేర్పారు. బావి మారనిదే మా చూర్ణాలు, కషాయాలు ఎన్నాళ్లు ఇచ్చినా రోగం మళ్లీ అదే చెంబుతో ఇంట్లోకి వస్తుంది.