విశ్వవిద్యాలయపు ఆవరణలో విజ్ఞాన దినము

ఆకాశమును చూచుటకు ఎవ్వరును రుసుము అడుగరు. అయినను ఆకాశమును గూర్చి తెలిసికొనవలెనన్న పెద్ద చదువులును, పరభాషా పాండిత్యమును కావలెనని మనలో పలువురు తలంచుచుందురు. విశ్వవిద్యాలయములు మనవంటి వారికి కావను సంకోచము మనలను వాకిటనే నిలిపివేయుచున్నది. ఈ సంకోచమును పోగొట్టు దినమొకటి మనము నివసించు మహారాష్ట్రములోనే కలదు.

సర్ సి. వి. రామన్ గారు 1928 ఫిబ్రవరి 28వ తేదీన తమ పేర ప్రసిద్ధమైన కాంతి ధర్మమును కనుగొనిరి. దానికి గుర్తుగా 1987 నుండి ఆ తేదీని జాతీయ విజ్ఞాన దినముగా దేశమంతటను జరుపుచున్నారు. పుణె విశ్వవిద్యాలయపు ఆవరణలో 1988లో స్థాపింపబడిన 'ఆయుకా' అను ఖగోళశాస్త్ర కేంద్రము కలదు. సుప్రసిద్ధ శాస్త్రజ్ఞులు జయంత్ విష్ణు నార్లీకర్ గారు దీనికి తొలి సంచాలకులు. విజ్ఞాన దినమున ఈ కేంద్రము బాలబాలికలకును, వారి కుటుంబములకును ఉచితముగా ప్రవేశము కల్పించుచు వచ్చినది. ప్రయోగములు, ఉపన్యాసములు, శాస్త్రజ్ఞులతో ప్రశ్నోత్తరములు జరుగును. సాయంకాలము మబ్బు లేనిచో దూరదర్శినితో ఆకాశమును చూపుదురు.

అచ్చట చూడదగిన వానిలో ఫూకో లోలకము ఒకటి. పొడవైన తీగకు వ్రేలాడు బరువైన గుండు ఇటునటు ఊగుచుండును. 1851లో ఫూకో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఇట్టి లోలకముతోనే భూభ్రమణమును పారిస్ ప్రజలకు కన్నులార చూపెను. గుండు తన త్రోవను తాను మార్చుకొనదు. దాని క్రింద భూమియే తిరుగును. అందుచే ఊగు దిశ మెల్లమెల్లగా మారుచున్నట్లు మనకు తోచును. ధ్రువముకడ ఈ దిశ ఒక దినములో పూర్తిగా చుట్టివచ్చును. భూమధ్యరేఖ మీద అసలు మారదు. పుణె 18½ డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది గనుక అచ్చట ఒక చుట్టునకు సుమారు 75 గంటలు పట్టును. అనగా గంటకు ఐదు డిగ్రీలకు కొంచెము తక్కువ. కావున క్షణకాలము నిలిచి చూచినవారికి ఏమియు కనబడదు. రాగానే ఒకసారి గుండు ఊగు దిశను గుర్తించి, రెండు గంటల తరువాత మరల వచ్చి చూడవలెను. అప్పుడు భూమి తిరుగుచున్నదని పుస్తకములో చదివిన మాటకు మీ కన్నులే సాక్ష్యమగును.

ఇక సాయంకాలపు ఆకాశము. ఫిబ్రవరి చివర ఏడు గంటల వేళ నడినెత్తికి కొంచెము దక్షిణముగా ఒకే వరుసలో మూడు చుక్కలు కనబడును. మృగశిర, ఆర్ద్ర నక్షత్రములు ఆ సమీపముననే యున్నవి. వానికి పడమరగా మన పెద్దలు 'పిల్లలకోడి' యని పిలుచు కృత్తికలు గుంపుగా మెరయుచుండును. మూడు చుక్కలకు దిగువను ఒక నీహారిక కలదు. అది మనకు సుమారు 1,300 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. ఆదికవి నన్నయ 11వ శతాబ్దమున మహాభారతమును తెనిగింప మొదలిడుటకు మున్నే బయలుదేరిన కాంతి నేడు మన కంటిని చేరుచున్నదన్నమాట! అయితే దూరదర్శినిలో అది బూడిదవన్నె మబ్బుతునకవలె అగపడును. పటములలోని రంగులు కనబడలేదని నిరుత్సాహపడరాదు. మసక వెలుతురులో మన కన్ను రంగులను పోల్చుకొనలేదు. కెమెరా చాలసేపు కాంతిని కూడబెట్టుకొని వానిని చూపును.

తల్లిదండ్రులకు ఒక మనవి. అచ్చట వినబడు భాషలు మరాఠీ, హిందీ, ఇంగ్లీషు కావచ్చును. అందువలన మన పిల్లలను వెనుకకు తీయవలదు. బయలుదేరుటకు ముందే పిల్లవాడు తన సందేహమును తెలుగులో వ్రాసికొని, ఉపాధ్యాయుల సాయముతో మరాఠీలోనికి మార్చుకొనవచ్చును. ప్రశ్న తనదైనచో అరువు తెచ్చుకొన్న మాటలతోనైనను ధైర్యముగా అడుగగలడు. ఇంటికి తిరిగివచ్చు దారిలో "ఏమి చూచితివి?" అని మీరు తెలుగులో అడుగుడు. లోలకము, నీహారిక, కాంతి సంవత్సరము అను మాటలు పాఠ్యపుస్తకములోనే మిగిలిపోక అప్పుడు ఇంటి మాటలగును. అమ్మమ్మకు విడమరచి చెప్పగలిగిన నాడే పిల్లవానికి ఆ పాఠము వచ్చినట్లు.

కార్యక్రమము ఏటేట కొంత మారుచుండును గనుక వేళలను ముందుగా విచారించుకొని బయలుదేరవలెను. ఆ దినమున పుణెకు పోజాలనివారు ఆ సాయంకాలమే తమ మేడమీద నిలిచి, పై మూడు చుక్కలను, పిల్లలకోడిని గుర్తుపట్టి, ఇంటివారికి చూపింతురుగాక!