మిలేతు రేవు – గ్రీకు జ్ఞానుల పట్టణములు

చదువవలసిన భాగము: అపొస్తలుల కార్యములు 20:13–17, 17:16–21



అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయము 15వ వచనములో మూడు ఊళ్ల పేర్లున్నవి: కీయొసు, సమొసు, మిలేతు. ఎఫెసు పెద్దలకు పౌలు చెప్పిన వీడ్కోలు మాటల కొరకు తొందరపడి మనము ఈ పేర్లను దాటిపోవుదుము. పౌలు అక్కడ దిగుటకు ఆరు వందల ఏండ్లకు ముందే మిలేతు పేరుగాంచిన రేవు. గ్రీకు తత్వశాస్త్రము మొదలైనది ఆ ఊరిలోనే.

మేము ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నప్పుడు ఈ జ్ఞానులను ఎక్కములవలె వల్లించితిమి: థేలీసు – నీరు, అనక్సిమెనీసు – గాలి, హెరాక్లీటసు – అగ్ని. పరీక్షకు అది చాలెను. వారు ఏ ఊరివారు, ఆ ఊరు ఎటువంటిది అని ఎవరును అడుగలేదు. గోడమీద దేశపటము ఊరకనే వ్రేలాడుచుండెను. తరువాత మేమును పిల్లలకు అట్లే చెప్పితిమి. అది మా లోపమే.

మిలేతు నేటి టర్కీ పడమటి తీరమున, మెయాండరు నది సముద్రములో కలియుచోట ఉండెను. దానికి నాలుగు ఓడరేవులు. ఆ ఊరివారు నల్ల సముద్రము చుట్టు అనేక వలస పట్టణములు కట్టిరి. ఐగుప్తులోని నౌక్రాటిసు వర్తక స్థలములో వారికి స్వంత గుడి కూడ ఉండెను. థేలీసు పూర్వికులు ఫేనీకే దేశస్థులని చరిత్రకారుడైన హెరోడోటసు వ్రాసెను. అనగా గ్రీకు జ్ఞానులలో మొదటివాడని పేరొందినవాని వంశమే వలస వచ్చినది! క్రీ.పూ. 585లో పట్టిన సూర్యగ్రహణమును అతడు ముందుగా చెప్పెనని ప్రసిద్ధి. అన్నిటికిని మూలము నీరని అతడనెను. అదే ఊరివాడైన అనక్సిమందరు దానిని ఒప్పుకొనలేదు. భూమి దేనిమీదను ఆనక నిలిచియున్నదనెను, లోకపటమును గీసెను. తరువాతివాడైన అనక్సిమెనీసు ఇద్దరినీ కాదని గాలియనెను.

పెద్దలతో విభేదించుట ఆ ఊరిలో ఎట్లు సాధ్యమాయెను? రేవుకు వచ్చిన ఒక్కొక్క ఓడవారు లోకము పుట్టుకను గూర్చి ఒక్కొక్క కథ చెప్పుచుండగా, "మా తాత చెప్పెను" అన్నంత మాత్రమున వాదము తీరదు, కారణము చూపవలసినదే. ఇది మా అభిప్రాయము. క్రీ.పూ. 494లో పారసీకులు ఆ పట్టణమును నాశనము చేసిరి. తరువాత మరల కట్టబడినను, నది తెచ్చిన ఒండ్రు రేవులను పూడ్చివేసినది. ఇప్పుడు ఆ శిథిలములు సముద్రమునకు కొన్ని కిలోమీటర్ల దూరములో పొలముల మధ్యనున్నవి.

ఎఫెసువాడైన హెరాక్లీటసు క్రీ.పూ. 500 ప్రాంతమువాడు. తన గ్రంథమును అర్తెమి గుడిలో ఉంచెనని చెప్పుదురు. అతడు వాడిన 'లోగొస్' అను మాటయే యోహాను సువార్త మొదటి వచనములో 'వాక్యము'. యోహాను దానిని ఇతనియొద్ద అరువు తెచ్చుకొనెనని కొందరు ప్రసంగములలో సులువుగా అందురు. అంత తొందర కూడదు. హెరాక్లీటసుకు అది లోకమును నడుపు క్రమము. యోహాను చెప్పునది శరీరధారియైన వానిని గూర్చి.

సమొసువాడైన పితాగొరసు క్రీ.పూ. 530 ప్రాంతమున దక్షిణ ఇటలీలోని క్రొటోనుకు తరలిపోయెను. అయితే ఒక ఊరు ఊరే లేచిపోయిన సంగతి ఇంకొకటి కలదు.

మిలేతుకు ఉత్తరముగా ఫొకయ అను రేవు ఉండెను. క్రీ.పూ. 546 తరువాత పారసీక సైన్యము దానిని ముట్టడించెను. ఆ ఊరివారు ఆలోచించుకొనుటకు ఒక్క దినము గడువు అడిగి, ఆ దినముననే భార్యాబిడ్డలను, సామానులను ఓడలకెక్కించుకొని పోయిరి. సైన్యమునకు దొరికినది ఖాళీ ఊరు. తమకు చిన్న దీవులను అమ్ముడని వారు కీయొసువారిని అడిగిరి. తమ వర్తకము దెబ్బతినునని కీయొసువారు ఒప్పుకొనలేదు. అప్పుడు ఫొకయవారు ఇనుప ముద్దనొకదానిని సముద్రములో ముంచి, ఇది పైకి తేలువరకు మన ఊరికి తిరిగిపోమని ప్రమాణము చేసిరి. కాని సగముకంటె ఎక్కువమంది ఊరిమీద బెంగ తాళలేక ప్రమాణము తప్పి వెనుకకు మళ్లిరి. హెరోడోటసు ఈ సంగతి వ్రాసెను గాని వారిని నిందించలేదు. మేమును నిందింపము.

మిగిలినవారు చాల తిరిగి, దక్షిణ ఇటలీలో ఎలెయ అను ఊరు కట్టుకొనిరి. పర్మెనీదెసు అక్కడ పుట్టెను. మార్పు అనునది కంటికి కనబడు భ్రమయేగాని, ఉన్నది ఎన్నడును మారదని అతని బోధ. అన్నియు పోగొట్టుకొనినవారి బిడ్డ ఆ మాట అనుట మమ్మును చాలకాలము ఆలోచింపజేసినది. ఆ క్రొత్త బోధను అతడు పరాయి నేలమీద, హోమరు కాలమునాటి పాత గ్రీకు ఛందస్సులోనే వ్రాసెను.

ఇక ఏథెన్సు. 17వ అధ్యాయము 21వ వచనములో ఏథెన్సువారితోపాటు అక్కడ నివసించు పరదేశులును చెప్పబడిరి. పౌలుకు అయిదు వందల ఏండ్లకు ముందు అట్టి పరదేశి ఒకడుండెను: క్లజొమెనె ఊరివాడైన అనక్సగొరసు. సుమారు ముప్పది ఏండ్లు అక్కడ కాపురముండి, పెరిక్లీసుకు మిత్రుడాయెను. సూర్యుడు దేవుడు కాడు, మండుచున్న రాయి అనినందుకు దైవదూషణ నేరము మోపబడగా, లంప్సకు పట్టణమునకు వెళ్లిపోయెను. ఆ ఊరివారు ఇతడు పరాయివాడని చూడక ఘనపరచి, అక్కడనే సమాధి చేసిరి. మరణమునకు ముందు, నీకేమి చేయవలెనని పట్టణపు పెద్దలు అడుగగా, తాను చనిపోయిన నెలలో ఏటేట పిల్లలకు సెలవియ్యుడని కోరెనట. వారు చాలకాలము అట్లే ఇచ్చిరి.