మన జట్టు, వాళ్ల జట్టు: వాదించడం ఎలా?

సాయంత్రం గ్రౌండులో ఆట అయిపోతుంది గానీ మాటలు అయిపోవు. మెస్సులో కంచం ముందు కూర్చున్నా "మీ వాళ్లు తొండి ఆడారు", "మా వాడి ముందు మీ వాడెంత?" అని ఒకటే గొడవ. వాదించుకోవడం తప్పు కాదు. ఆట మీద ప్రేమ ఉంది గనుకే వాదిస్తాం. కానీ వాదనకు కూడా ఒక పద్ధతి ఉంది. అది తెలుసుకోవడానికి అమెరికాలోని రెండు బాస్కెట్‌బాల్ జట్ల కథ మనకు బాగా పనికివస్తుంది.

ముందు ఆట సంగతి

బాస్కెట్‌బాల్‌లో ఒక్కో జట్టుకు అయిదుగురు ఆడతారు. రింగు నేల నుండి 10 అడుగుల ఎత్తున ఉంటుంది. బంతి రింగులో పడితే 2 పాయింట్లు, దూరంగా గీసిన గీత అవతల నుండి వేస్తే 3 పాయింట్లు. రింగుకు తగిలి వెనక్కి వచ్చిన బంతిని అందుకోవడాన్ని రీబౌండ్ అంటారు. అమెరికాలో పెద్ద జట్లు ఆడే పోటీని ఎన్.బి.ఎ. అంటారు. అందులో ఫైనల్ అంటే ఒక్క ఆట కాదు. ఏడు ఆటల్లో ఎవరు ముందు నాలుగు గెలిస్తే వారే ఛాంపియన్లు.

రెండు ఊళ్లు, రెండు జట్లు

అమెరికాకు తూర్పు తీరాన బోస్టన్ నగరం ఉంది. దాని జట్టు సెల్టిక్స్. పడమటి తీరాన లాస్ ఏంజెలెస్ ఉంది. దాని జట్టు లేకర్స్. 1959 నుండి 1984 వరకు ఈ రెండూ ఎనిమిదిసార్లు ఫైనల్లో తలపడ్డాయి. ఎనిమిదిసార్లూ సెల్టిక్స్‌దే గెలుపు! ఇక బోస్టన్ అభిమానుల మాటలకు పట్టపగ్గాలుంటాయా?

1985లో మళ్లీ ఫైనల్లో ఈ రెండు జట్లే. మే 27న జరిగిన మొదటి ఆటలో సెల్టిక్స్ 148, లేకర్స్ 114. లేకర్స్ జట్టులో కరీం అబ్దుల్ జబ్బార్ అనే పొడగరి ఉన్నాడు. అప్పటికి ఆయన వయసు 38. ఆ రోజు చేసింది 12 పాయింట్లే, పట్టింది 3 రీబౌండ్లే. "ముసలివాడైపోయాడు, ఇక ఇంటికి పోవాల్సిందే" అన్నారు జనం. మూడు రోజుల తర్వాత రెండో ఆటలో ఆ 'ముసలివాడే' 30 పాయింట్లు చేసి 17 రీబౌండ్లు పట్టాడు. చివరికి లేకర్స్ 4–2తో గెలిచింది, అదీ బోస్టన్ గడ్డ మీదే. ఫైనల్లో ఉత్తమ ఆటగాడి బహుమతి కరీంకే వచ్చింది. ఒక్క ఆట చూసి మనిషి మీద తీర్పు చెబితే ఇలాగే నాలుక కరుచుకోవాలి.

వాదనలో విషం

ఆ రోజుల్లో సెల్టిక్స్‌కు లారీ బర్డ్, లేకర్స్‌కు మ్యాజిక్ జాన్సన్ పెద్ద దిక్కు. బర్డ్ తెల్లవాడు, జాన్సన్ నల్లవాడు. దాంతో చాలామంది ఆటను వదిలేసి రంగును పట్టుకున్నారు. సెల్టిక్స్ తెల్లవాళ్ల జట్టనీ, లేకర్స్ నల్లవాళ్ల జట్టనీ ముద్ర వేశారు.

నిజం ఏమిటో చూడండి. ఎన్.బి.ఎ.లో జట్ల ఎంపికలో మొదటిసారి నల్లజాతి ఆటగాడిని ఎంచుకున్నది సెల్టిక్సే, 1950లో. ఎన్.బి.ఎ.లో మొదటి నల్లజాతి కోచ్ బిల్ రస్సెల్‌ను 1966లో నియమించింది కూడా సెల్టిక్సే. రస్సెల్ ఆ జట్టుకు ఆడి 11సార్లు ఛాంపియన్ అయ్యాడు. అయినా ఏం లాభం? బోస్టన్ దగ్గర ఆయన ఉన్న ఇంట్లోకి దుండగులు చొరబడి గోడల మీద జాతిని తిట్టే మాటలు రాసిపోయారు. గ్రౌండులో చప్పట్లు కొట్టి బయట మనిషిని మనిషిగా చూడకపోతే ఆ చప్పట్లకు అర్థమేమిటి?

మరి ఆ ఇద్దరు ఆటగాళ్లు? బర్డ్‌ది ఇండియానా రాష్ట్రంలోని చిన్న ఊళ్లో పేద కుటుంబం. జాన్సన్ తండ్రి మిషిగన్ రాష్ట్రంలో కార్ల ఫ్యాక్టరీ కార్మికుడు. ఇద్దరిదీ కష్టపడే ఇల్లే. 1985లో ఒక బూట్ల ప్రకటన కోసం జాన్సన్ బర్డ్ ఇంటికి వెళ్లాడు. బర్డ్ తల్లి అన్నం పెట్టింది. అప్పటి నుండి ఇద్దరూ స్నేహితులయ్యారు. తనకు హెచ్.ఐ.వి. ఉందని జాన్సన్ 1991లో లోకానికి చెప్పాడు. మరుసటి ఏడాది బార్సిలోనా ఒలింపిక్స్‌లో ఇద్దరూ ఒకే జట్టులో ఆడి బంగారు పతకం గెలిచారు. వాళ్ల పేరు చెప్పి జనం కొట్టుకున్నారు, వాళ్లు మాత్రం కలిసి ఆడారు!

మంచి అభిమానులు

బోస్టన్ వాళ్లందరూ ఒకటే అనుకోకండి. 1982లో సొంత ఊళ్లోనే సెల్టిక్స్ ఫిలడెల్ఫియా జట్టు చేతిలో ఓడిపోతోంది. ఫిలడెల్ఫియా ఫైనల్‌కు వెళ్లి లేకర్స్‌తో ఆడాలి. అప్పుడు బోస్టన్ జనమే లేచి, తమను ఓడిస్తున్న జట్టును చూసి "లాస్ ఏంజెలెస్‌ను ఓడించండి" అని ఉత్సాహంగా అరిచారు. ఓటమిలోనూ ఎదుటివాడి ఆటను ఒప్పుకోవడం అంటే అదీ.

గుర్తుంచుకోవలసినవి

1. మాట కన్నా లెక్క ముఖ్యం. "మా వాడే గొప్ప" అంటే చాలదు. ఎన్ని ఆటలు, ఎన్ని పాయింట్లు, ఎవరి మీద గెలిచాడో చెప్పాలి.
2. ఒక్క రోజు ఆటను చూసి తీర్పు చెప్పకూడదు.
3. ఆటను విమర్శించవచ్చు. రంగు, తెగ, ఊరు, భాష జోలికి పోకూడదు. మనల్ని ఎవరైనా తెగ పేరు పెట్టి వెక్కిరిస్తే కడుపులో ఎట్లా మండుతుందో మనకు తెలుసు. ఆ మాట మన నోట ఇంకొకరి మీదికి రాకూడదు.

2024 నాటికి సెల్టిక్స్ 18సార్లు, లేకర్స్ 17సార్లు ఛాంపియన్లు. ఎవరు గొప్ప? తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, హాయిగా వాదించుకోండి. గంట కొట్టగానే పక్కపక్కనే కూర్చుని అన్నం తినండి.

ఆలోచించండి

1. 1985లో కరీం గురించి జనం ఎందుకు పొరబడ్డారు?
2. సెల్టిక్స్ మీద వేసిన ముద్ర తప్పని చెప్పడానికి రెండు ఆధారాలు రాయండి.
3. ఈ వారం మీరు చేసిన ఒక వాదనలో ఎన్ని లెక్కలున్నాయి, ఎన్ని తిట్లున్నాయి?