గాజుతొట్టిలోని చెరువు

సూళ్లూరుపేట కాళంగి నది యొడ్డున నున్న పట్టణము. దానికి తూర్పున పులికాటు సరస్సు గలదు. అందలి నీరు ఉప్పన గనుక మంచినీటి మొక్కలకు పనికిరాదు. అయినను చుట్టుపట్ల మంచినీటి చెరువులకు కొదువ లేదు. కలువలు, నాచు, చిరుచేపలు వానిలో కలసి జీవించుచుండును.

నేను ఉపాధ్యాయుడనై యున్న కాలమున మా విద్యార్థులు అట్టి చెరువు నొకదానిని తరగతిలోనికే తేదలచిరి. గాజుతొట్టిలో ఇసుక పోసి, నీరు నింపి, కలువదుంపను, నాచుపోచలను నాటి, నాలుగు చేపలను విడిచిరి. తొట్టిని గదిమూల నుంచితిమి. అచట వెలుగు తక్కువ. రెండు వారములకు కలువ యాకులు పసుపువన్నె కెక్కెను. బలము చాలలేదని తలచి నేనే పిడికెడు పశువుల యెరువు వేయించితిని. నీరు మురిగెను. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరువసాగెను. మూడవనాటి యుదయమున రెండు చేపలు చచ్చి తేలెను. వానిని తెచ్చిన బాలుడు, "అయ్యా! మనమేమి తప్పు చేసితిమి?" అని యడిగెను. తప్పు నాదే.

బాలబాలికలారా! ఎరువు మొక్కకు అన్నము కాదు. మొక్క వెలుగు సాయమున నీటిని, బొగ్గుపులుసు వాయువును వినియోగించి తన యాహారమును తానే సిద్ధపరచుకొనును. అప్పుడు ప్రాణవాయువును విడుచును. 1779లో ఇంగెన్‌హౌజ్ అను వైద్యుడు, ఆకులు వెలుగులోనే ప్రాణవాయువును విడుచునని నిరూపించెను. చీకటిలో మొక్కయు మనవలె దానిని వాడుకొనును. మా తొట్టిలో వెలుగు చాలక మొక్క యెరువును గ్రహింపలేకపోయెను. కుళ్లిన యెరువు ఉన్న ప్రాణవాయువును హరించెను.

ఇట్టి చిక్కే 1850 ప్రాంతమున లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞునకు కలిగెను. ఆయన బంగారుచేపలతోపాటు పెంచిన నీటిమొక్క యాకులు కుళ్లి నీటిని చెరిపెను. వానిని తినుటకు నీటినత్తలను విడువగా నీరు తేటపడెను.

మా తొట్టిలో నొక వింత గమనించితిమి. కలువ వాడినను నాచు పచ్చగనే యుండెను. కలువ యాకులు నీటిపై తేలి ఎండను కోరును. నాచు నీటి లోపల మసకవెలుగులోను పెరుగగలదు. కలువను తీసి ముంగిట ఎండలో నీటికుండీలో నాటితిమి. కొన్నాళ్లకు క్రొత్త యాకు వేసెను. తొట్టిని కడిగి నాచును మరల నాటితిమి. మిగిలిన చేపలు బ్రతికెను.

వెలుగు తక్కువగు తావున తొట్టి నుంచువారు ఈ నియమములు పాటింపవలెను. నాచు, జావాఫెర్న్, అనూబియాస్ వంటి నీడకోర్చు మొక్కలనే యెన్నుకొనవలెను. వీనిలో చివరి రెంటి లావుపాటి కాండమును ఇసుకలో పూడ్చినచో కుళ్లును; దారముతో రాతికి కట్టవలెను. దినమునకు ఏడెనిమిది గంటలు దీపము చాలును. అధికమైనచో పాచి పట్టును. చేపలను కొద్దిగా నుంచి, తినగలిగినంతే మేత వేయవలెను. కుళ్లిన యాకులను వెంటనే తీసివేసి, వారమున కొకమారు నాలుగవ వంతు నీరు మార్చవలెను. ఇట్టి మొక్కలు మెల్లగా పెరుగును, ఓర్పు వహింపవలెను.

వాడిన మొక్కను చూచి అది బలహీనమని నిందింపరాదు. దానికి తగిన చోటు మనము చూపితిమా యని ముందు విచారింపవలెను.